తొమ్మిది ఇటుక వరసలు

బులిసూరికి ఆ వేసవిలో అన్నం సయించకపోవడానికి కారణం ఒక్కటే. గురువు గోడ వంకరగా కట్టమన్నాడు.

ఇంకెవరైనా అంటే నవ్వేసి ఊరుకునేవాడు. అన్నవాడు మీరావలి మేస్త్రి. గోదావరి మీద రైలు వంతెన లేస్తున్న ఆ రోజుల్లో, నది అడుక్కి బావులు దింపడంలో ఆయనంతటివాడు ఈ ఒడ్డునా లేడు, ఆ ఒడ్డునా లేడు. దొరలు కూడా ఆయన బావి దగ్గరికి వస్తే గొంతు తగ్గించి మాట్లాడేవారు. అలాంటి మనిషి, తిన్నగా కట్టడం తప్ప మరోటి తెలియని కుర్రాణ్ణి పట్టుకుని వంకరగా కట్టమంటే ఏమనుకోవాలి?

ముందు ఈ బావుల సంగతి చెప్పాలి. ఇవి నీళ్ళు తోడుకునే బావులు కావు, వంతెనకి కాళ్ళు. వేసవిలో నది సన్నబడి ఇసక మేటలు బయటపడ్డప్పుడు, ఆ ఇసక మీద గుండ్రంగా ఇటుక గోడ కడతారు. లోపల మనుషులు దిగి ఇసక తవ్వి పైకి పంపుతారు. కింద ఇసక పోయేకొద్దీ గోడ తన బరువుకి తనే దిగుతుంది. దిగినంత మేరా పైన మళ్ళీ కడతారు, కింద మళ్ళీ తవ్వుతారు. గట్టినేల తగిలేదాకా ఇదే పని. ఎనభై అడుగులు కట్టినా పైకి కనపడేది ఎప్పుడూ మనిషెత్తే. మిగతాదంతా గోదావరి కడుపులోకి పోతుంది.

బులిసూరి తాపీ పనివాడు. వాళ్ళ నాన్న పెదసూరయ్య కట్టిన గోడంటే రామచంద్రపురం చుట్టుపక్కల పెద్ద పేరు. గోడ పైనుంచి దారానికి గుండు కట్టి వదిలితే, ఆ దారం గోడని అంటీ అంటనట్టు కిందిదాకా ఒకే తీరున దిగేది. కొడుక్కి తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఇత్తడి గుండూ, ఇంత దారమూ చేతిలో పెట్టి, "ఇది చెప్పిందే వేదంరా" అన్నాడాయన. పదమూడేళ్ళుగా బులిసూరి ఆ వేదమే చదువుకున్నాడు.

వంతెన పనిలోకి వచ్చి, మీరావలి కాళ్ళకి దణ్ణం పెట్టి, పని నేర్పమని అడిగాడు. మీరావలి చుట్ట నోట్లోంచి తీయకుండానే అన్నాడు.

"నీకేం వచ్చురా?"

"తిన్నగా కట్టడం వచ్చండి."

"అది సరేలే. ఇంకేం వచ్చు?"

ఇంకేం రావాలో బులిసూరికి తట్టలేదు. తిన్నగా కట్టడం కాక తాపీ పనిలో ఇంకేముంటుంది? మీరావలి కూడా చెప్పలేదు. అదీ ఆయన వరస. చెప్పాల్సింది చెప్పడు, అడగాల్సిన ప్రశ్న మాత్రం అడిగేసి పోతాడు. ఇలాంటి గురువు దొరకడం అదృష్టమంటారు. దొరికినవాణ్ణి అడగాలి ఆ మాట.

మే నెల మొదట్లో వాళ్ళ బావి ఒరిగింది. తూర్పున ఇసక మెత్తనైందో, పడమట అంచు కింద ఏ పాత చెట్టు మొద్దో అడ్డుపడిందో, బావి మొత్తం తూర్పుకి వాలింది. మనిషి ఎత్తుకి నాలుగు వేళ్ళ వాలు. కంటికి కనపడేంత.

మీరావలి కంగారు పడలేదు. పడమటి అంచు మీద రైలు పట్టాలు తెచ్చి బరువుగా పేర్పించాడు. కొత్త వరస లేచినప్పుడల్లా వాటిని తీసి మళ్ళీ దాని మీద పేర్చాలి. లోపల పడమట వైపు మాత్రమే తవ్వమన్నాడు. పైన గోడ పని మాత్రం ఆపొద్దన్నాడు. బరువు పెరిగితేనే బావి దిగుతుంది. జూన్‌లో ఎర్రనీరు వచ్చేలోగా గట్టినేల అందుకోకపోతే, ఒరిగిన బావిని వరద పడదోసి పోతుంది.

బులిసూరి అలవాటుగా గుండు వదిలి, కొత్త వరసకి దారం చూసుకుంటున్నాడు. మీరావలి వచ్చి దారాన్ని పట్టుకున్నాడు. గుండు విప్పి తన నడుం గుడ్డలో దోపుకున్నాడు. ఒక పొడవాటి చెక్క బద్ద తెచ్చి పాత గోడకి ఆనించి నిలబెట్టాడు. గోడతో పాటు బద్ద కూడా తూర్పుకి వాలింది.

"దీన్ని చూసి కట్టు."

"అది వంకరగా ఉందండీ."

"బావి వంకరగా ఉంది."

"అందుకే కదండీ, ఇక్కణ్ణించన్నా తిన్నగా లేపితే..."

"దీన్ని చూసి కట్టు," అని మీరావలి నిచ్చెన దిగి లోపలికి పోయాడు.

బులిసూరి కట్టాడు. ఏం చేస్తాడు? ఒక్కో ఇటుకా పెడుతుంటే సొంత చెయ్యి తనకే ఎదురు తిరిగినట్టుండేది. తాపీ తిన్నగా పోతానంటుంది, బద్ద ఇటు రమ్మంటుంది. సాయంత్రానికి మెడా, భుజాలూ లాగేసేవి. బరువు మోసినందుకు కాదు, ఇష్టం లేని పని చేసినందుకు.

పక్క బావిలో పనిచేసే అచ్చన్నకి ఇది పండగైపోయింది. పడవ మీద అటూ ఇటూ పోయినప్పుడల్లా ఒక కేక వేసేవాడు.

"ఏరా బులిసూరీ! మీ బావి గానీ కల్లు తాగిందేటి? గోడ తూలతంది!"

పడవలో ఉన్నవాళ్ళంతా నవ్వేవారు. బులిసూరి తలొంచుకునేవాడు. నవ్వేవాళ్ళ మీద కోపం రాలేదు, అదే విచిత్రం. వాళ్ళ చోట తనున్నా నవ్వేవాడు.

ఇంతలో పెదసూరయ్య వచ్చాడు. పెద్ద వంతెన మీద కొడుకు పనిచేస్తున్నాడని ఊళ్ళో అందరికీ చెప్పుకుని, కొత్త పంచె కట్టుకుని మరీ వచ్చాడు. పడవ దిగి, ఇసకలో నాలుగడుగులు వేసి, ఆగిపోయాడు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని బావి వంక చూశాడు. దగ్గరికొచ్చి తన సంచిలోంచి గుండు తీశాడు. ఆయన పెళ్ళికెళ్ళినా అది సంచిలో ఉండాల్సిందే. దారం వదిలాడు. చూశాడు. మళ్ళీ చుట్టేసుకున్నాడు.

"ఇది నువ్వు కట్టిందేనా?"

"మేస్త్రి గారు ఇలాగే కట్టమన్నారు నాన్నా."

"కట్టమన్నది ఎవరని అడగలేదు. చెయ్యి ఎవరిది?"

బులిసూరి కాళ్ళ కింది ఇసక చూశాడు. "నాదే."

ఆ మాట విన్నాక పెదసూరయ్య అరుస్తాడనుకున్నాడు. అరవలేదు. గొంతు తగ్గించి, పరాయివాళ్ళ పిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. అరిస్తేనే బాగుండేది.

"మీ అత్తయ్య గారింట్లో పెళ్ళుంది. వారంలో అయిపోద్ది. వచ్చేటప్పుడు నిన్ను తీసుకుపోతాను, మూట సర్దుకుని ఉండు. ఇంట్లో ఉండి నీకొచ్చిన పనే చేసుకో. నా కొడుకు వంకర గోడలు కడతన్నాడని నేను ఊళ్ళో ఎలా తిరగను?"

ఆ మర్నాడే అవతలి ఒడ్డున ఒక బావి లోపలికి ఇసక ఎగదన్నిందని కబురొస్తే, మీరావలి పడవెక్కి వెళ్ళాడు. రెండు రోజుల దాకా రానన్నాడు.

బులిసూరి కాసేపు బద్ద చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని ఇసకలో పారేశాడు. ఒక గులకరాయికి దారం కట్టాడు. మంచి గుండేం కాదు, కానీ రాయి అబద్ధమాడదు. ఆ దారం చూసి కట్టడం మొదలుపెట్టాడు. చేతికి ప్రాణం లేచొచ్చింది. సున్నం తనంతట తనే పరుచుకుంటోందా అన్నట్టుంది. పక్కనున్నవాళ్ళు అంత వేగంగా ఇటుక అందించలేకపోయారు. రెండు రోజుల్లో బావి చుట్టూ తొమ్మిది వరసలు లేపాడు. ఒరిగిన గోడ మీద తిన్నటి గోడ. అచ్చన్న పడవలో పోతూ చూసి, కేకేయలేదు. అది చాలు అనుకున్నాడు బులిసూరి. నాన్న వచ్చినప్పుడు చూపించడానికి చేతికింద ఏదో ఒకటుంది.

మూడో రోజు మీరావలి వచ్చాడు. గోడ చుట్టూ ఒకసారి తిరిగాడు. పాత వంకరా, కొత్త తిన్నదనమూ కలిసేచోట అరచెయ్యి పెట్టి కింద నుంచి పైకి నిమిరాడు. బులిసూరి ఆ చేతినే చూశాడు. తిడతాడు. పడగొట్టిస్తాడు. పొమ్మంటాడు. మూడింటికీ తయారుగానే ఉన్నాడు.

"సున్నం బాగా కలిపావురా," అన్నాడు మీరావలి.

అంతే. తిట్లకి సిద్ధపడ్డవాడికి మెచ్చుకోలు ఎలా పుచ్చుకోవాలో తెలియదు.

"పడగొట్టమంటారాండీ?"

"ఎందుకు? బొటనవేలి మందమేగా తేడా. బావి మోస్తదిలే."

"మరి పైన ఎలా కట్టమంటారు? బద్ద చూసా, గుండు చూసా?"

మీరావలి ఆ మాట విననట్టే వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. అన్నాలు తిని అందరూ బావి నీడన ఒరిగారు. బులిసూరి కూడా ఒక పక్కకి తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని కళ్ళు మూశాడు. నిద్ర రాలేదు, మగతగా ఉంది. ఎవరో వచ్చి తల దగ్గర కూర్చున్నట్టనిపించింది. ఇంతలో రెండు గరుకు చేతులు అతని తలని అటొకటి ఇటొకటి పట్టుకుని, నడినెత్తి ఆకాశం వైపు ఉండేలా పైకి లేపి నిలబెట్టబోయాయి. ఒళ్ళు పడుకునే ఉంది, తలొక్కటే నిలబడింది.

"అమ్మో! మెడ! మెడండీ బాబూ!"

చేతులు వదిలాయి. బులిసూరి మెడ పట్టుకుని లేచి కూర్చున్నాడు. ఎదురుగా మీరావలి, ముఖంలో ఏ భావమూ లేకుండా.

"ఇదేంటండీ?"

"తల వంకరగా ఉంటే తిన్నగా పెట్టాను."

"నేను పక్కకి పడుకున్నాను కదండీ!"

"ఊఁ," అన్నాడు మీరావలి. లేచి, పంచె దులుపుకుని, నిచ్చెన దిగి లోపలికి పోయాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకటే నవ్వు. బులిసూరికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. మేస్త్రికి ఎండ దెబ్బ తగిలిందేమోనని కూడా అనుకున్నాడు. సాయంత్రందాకా మెడ పట్టేసి ఒక పక్కకే తిప్పగలిగాడు. బుర్ర అయితే ఏ పక్కకీ తిరగలేదు.

మర్నాడు ఏం కట్టాలో తెలియక రాయినీ, బద్దనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నాన్న మాట నిజం. అందులో అనుమానం లేదు. మరి మేస్త్రి ముప్ఫై ఏళ్ళు దింపిన బావులు? అవీ నిజమే. రెండు నిజాలు ఒకే గోడ మీద ఎలా నిలబడతాయి? చివరికి బద్ద అందుకున్నాడు. అర్థమై కాదు. తప్పైతే ఆ తప్పు తనొక్కడిదే కాకుండా పోతుందని. తిన్నటి వరసల మీద, పాత గోడ వాలు చూసుకుని, మళ్ళీ వంకరగా నాలుగు వరసలు కట్టాడు. ఇప్పుడు గోడ నడుం దగ్గర విరిగినట్టు కనపడింది. అచ్చన్న మళ్ళీ కేకలు మొదలుపెట్టాడు.

అన్నట్టే వారం తిరిగేసరికి పెదసూరయ్య వచ్చాడు. ఈసారి గోడ వైపు చూడను కూడా లేదు.

"పద. పడవ ఆగి ఉంది."

బులిసూరి మూట తెచ్చుకున్నాడు. వెళ్ళేముందు దణ్ణం పెడదామని మీరావలి దగ్గరికి వెళ్ళాడు. ఆయన బావి గోడకి చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. ఏం విన్నాడో ఏమో, లోపల తవ్వేవాళ్ళందర్నీ పైకి రమ్మని కేకేశాడు. ఒక్కొక్కరే నిచ్చెనెక్కి వచ్చి, దిగి, దూరంగా జరిగారు.

"వెళ్ళొస్తానండి," అన్నాడు బులిసూరి.

"కాసేపు కూర్చో."

"నాన్న తొందర పెడతన్నాడండి."

"ఆయన్నీ కూర్చోమను."

ముగ్గురూ ఇసకలో కూర్చున్నారు. పెదసూరయ్య అయిష్టంగానే కూర్చున్నాడు, బావికి వీపు పెట్టి. కాసేపటికి వెనకనుంచి ఒక మూలుగు వినపడింది. బర్రె ఈనేటప్పుడు మూలిగినట్టు. పడమటి అంచు మీది పట్టాలు ఒకదానికొకటి తగిలి గణగణమన్నాయి. పెదసూరయ్య ఉలిక్కిపడి లేచాడు. కాళ్ళ కింద ఇసక కదిలింది. అందరూ చూస్తుండగానే ఆ బావి, అంత ఇటుకా అంత బరువూ, తూర్పు వాలు వదిలి పడమటికి మళ్ళి, మోకాలెత్తు కిందికి దిగి, నిలబడింది. సున్నపు దుమ్ము లేచింది.

మొదట కదిలింది పెదసూరయ్యే. సంచిలోంచి గుండు తీసుకుంటూ గోడ దగ్గరికి పోయాడు. బులిసూరి వెనకే పోయాడు.

దారం వదిలాడు. కింద ఉన్నది, కిందటిసారి వంకర చూసి దారం చుట్టేసుకున్న గోడే. ఇప్పుడు దారం దాన్ని అంటీ అంటనట్టు, ఒకే తీరున దిగింది. ఆయన రెండోసారి చూశాడు. పక్కకి నాలుగడుగులు జరిగి మళ్ళీ వదిలాడు. పై నాలుగు వరసలూ తిన్నగా ఉన్నాయి. కింద గోడంతా తిన్నగా ఉంది. మధ్యలో తొమ్మిది వరసలు మాత్రం పడమటికి వాలి ఉన్నాయి.

బులిసూరి ఆ తొమ్మిదింటినీ చూశాడు. చేతిలో మూట జారి కింద పడింది.

"ఇదేటిది?" అన్నాడు పెదసూరయ్య. "నేను తప్పన్నదేమో ఒప్పుగా ఉంది. నాకేం బోధపడటం లేదు. సరే, ఈ మధ్యలో కాస్తా ఎవడు కట్టాడ్రా?"

బులిసూరి నోరు తెరిచాడు.

"అది నా చేతిదేనయ్యా," అన్నాడు వెనకనుంచి మీరావలి.

పెదసూరయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఇంతటి మేస్త్రివి. నువ్వూ ఇలా కడతావా?"

"కడతా."

పెదసూరయ్య గుండు చుట్టి సంచిలో వేసుకున్నాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా ఒకసారి నొక్కాడు. "వీడు కట్టింది తిన్నగా ఉంది. ఎలా ఉందో నాకు తెలీదు గానీ, ఉంది. ఉంచుకో మేస్త్రీ వీణ్ణి." ఇసకలో పడ్డ మూట తీసి దులిపి కొడుకు చేతికిచ్చి, ఒక్కడే పడవ వైపు నడిచాడు. కొత్త పంచె అంచు తడవకుండా ఎత్తి పట్టుకుని ఎక్కాడు. వెళ్తున్నవాడి నడకలోనే గర్వం తెలుస్తోంది.

కావలసింది ఇదే. వారంగా బులిసూరి కోరుకుంది సరిగ్గా ఇదే. మరి గుండెలో ఈ బరువేంటో అతనికి తెలియలేదు.

"అలా ఎందుకు చెప్పారండీ?" అన్నాడు. "అవి నావి కదండీ."

మీరావలి ఆరిపోయిన చుట్ట తీసి, దాని వంక చూసి, మళ్ళీ చెవి వెనక దోపుకున్నాడు.

"నేను పనిచేసిన మొదటి వంతెన కింద, ఇట్టాంటి వరసలు పదమూడున్నయిరా. మా ఉస్తాదు అందరితో తనవని చెప్పాడు."

"మరి మీరేం చేశారండీ?"

"ఊరుకున్నా," అన్నాడు మీరావలి.

ఆయన గొంతు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఆ మాట ఆయనకి మింగుడు పడలేదు.

బులిసూరి అక్కడే నిలబడ్డాడు. గోడ వంక చూశాడు. నది వంక చూశాడు. పడవ తెరచాప ఎత్తుతోంది. మూట ఇసకలో వదిలేసి పరిగెత్తాడు.

"నాన్నా!"

పడవ అప్పటికే ఒడ్డు వదిలింది. బులిసూరి రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు.

"నాన్నా! ఆ తొమ్మిదీ నావే!"

పెదసూరయ్య వెనక్కి తిరిగి నవ్వుతూ చెయ్యెత్తి ఊపాడు. విన్నాడో, వెళ్ళొస్తానంటున్నాడో తెలియలేదు. గాలి ఎదురుగా వీస్తోంది. బులిసూరి మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, మళ్ళీ అరిచాడు.